పద్నాలుగో మంచం

నవీనకు సర్కారు నౌకరీ వచ్చిందన్న సంగతి నర్సింగ్ హోంలో అందరికన్నా ఆఖరున తెలిసింది డాక్టర్ భానుప్రసాద్‌కే. తెలిసిన రోజు ఆయన ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. మూడో రోజు గదిలోకి పిలిచి, నీకు ఇక్కడ ఏం తక్కువ చేశామమ్మా అని అడిగాడు. నవీన దగ్గర జవాబు లేక కాదు. తొమ్మిదేళ్ళు ఇంటిమనిషిలా చూసుకున్నాయన ముఖం మీద ఆ జవాబు చెప్పడానికి నోరు రాలేదు. ఏం తక్కువ చెయ్యలేదు సార్ అని తల వంచుకుని బయటికి వచ్చేసింది.

మనలో మన మాట, ఆయన చెడ్డవాడేమీ కాదు. కరీంనగర్ బస్టాండుకు కాస్త ఎడంగా, కింద మందుల దుకాణం, పైన పన్నెండు మంచాలు. అదీ ఆయన నర్సింగ్ హోం. నర్సింగ్ హోం అనగానే లోపల నిండా నర్సులుంటారని మనం అనుకుంటాం. అక్కడ చదివి పాసైన నర్సు నవీన ఒక్కతే. మిగతా ముగ్గురు అమ్మాయిలు పదో తరగతి దగ్గర ఆగిపోయి, సూది ఎట్లా వెయ్యాలో ఆమె దగ్గరే నేర్చుకున్నవాళ్ళు. జనం మాత్రం నలుగురినీ సిస్టరనే పిలిచేవారు.

నవీన సిరిసిల్ల పిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. బాపు పొద్దస్తమానం ఆ సాంచాల మోతలో నిలబడి బిడ్డను నర్సింగ్ చదివించాడు. ఆ మోతకు ఆయన చెవులు మందగించాయి గానీ బిడ్డకు మాత్రం ఒంటినిండా కళ్ళే. ఒక్కసారి చూసిన ముఖం మరిచిపోదు. వేములవాడ ఆయాసం మూడో గదిలో, గోదావరిఖని గుండెనొప్పి ఏడులో, ఎవరికి ఏ మాత్ర పడదు, ఎవరి కొడుకు ఏ బస్సుకు వస్తాడు, అంతా ఆమె తలకాయలోనే ఉండేది. డాక్టరు ఫోన్ చేసి అడిగితే కాగితం చూడకుండా చెప్పేది. నవీన లేకపోతే ఈ నర్సింగ్ హోం ఒక్కరోజు నడవదని భానుప్రసాద్ వచ్చినవాళ్ళందరి ముందూ అనేవాడు. ఆ మాట వింటే ఆమెకూ కడుపు నిండేది. నిండదా మరి?

కాగితాలు అక్కడ పనికి కాదు, పేరుకే. రోజంతటి బీపీలు, జ్వరాలు పొద్దున ఒక్కసారే రాసిపెట్టేవాళ్ళు. సాయంత్రం ఆరింటిది కూడా పొద్దున తొమ్మిదింటికే. ఒకసారి ధర్మపురి నుంచి వచ్చిన పెద్దాయన మధ్యాహ్నం నాలుగింటికి పోయాడు. ఇంటివాళ్ళు ఏడుస్తుంటే నవీన షీటు తీసి చూసింది. ఆరింటికి ఆయన బీపీ నూట ఇరవై, ఎనభై అని తన చేత్తోనే రాసి ఉంది. భానుప్రసాద్ ఆ షీటు చింపేసి కొత్తది రాయమన్నాడు. రాసింది.  ఆ వారమే సర్కారు నర్సు పరీక్ష పుస్తకాలు తెచ్చుకుంది. డాక్టరు అడిగినప్పుడు చెప్పలేకపోయిన జవాబు అదే.

రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే నాలుగోసారి రాస్తానని బాపుతో అనేసింది. ఆ అవసరం రాలేదు. వెళ్ళేరోజు భానుప్రసాద్ చాలాసేపు అద్దాలు తుడుచుకుని, నచ్చకపోతే వచ్చెయ్, నీ కుర్చీ ఎవరికీ ఇయ్యను అన్నాడు. నవీనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా బస్సెక్కింది.

పోస్టింగు ఆదిలాబాద్ జిల్లాలో, బోథ్ నుంచి జనం బస్సుల్లో, ఆటోల్లో వచ్చి పడే ఒక వంద మంచాల దవాఖానలో. దాని పేరు ఇక్కడ మనకు అవసరం లేదు. అట్లాంటివి ఏ జిల్లాలోనైనా ఉన్నాయి. నవీనను ఆడవాళ్ళ వార్డులో వేశారు. నలభై మంచాలు, వానాకాలం జ్వరాలొస్తే నలభైకి అరవై మంది. రెండేళ్ళు ప్రొబేషన్. అంటే ఆ రెండేళ్ళూ తప్పు చేయకుండా ఉంటేనే నౌకరీ నిలిచినట్టు.

వార్డు హెడ్ సిస్టర్ అనసూర్య. ఇరవయ్యారేళ్ళ సర్వీసు, గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు, అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ రాని నోరు. కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకూ మొదటి రోజు చెప్పేది ఒక్కటే. సూది వేసే ముందు పేషెంటు పేరు మనం చెప్పకూడదు, వాళ్ళతోనే చెప్పించాలి. వేసిన వెంటనే షీటులో రాయాలి, తర్వాత కాదు. నవీన రెండూ విన్నది. విని, ఇది ముఖాలు గుర్తుండనివాళ్ళ కోసం పెట్టిన నియమం అని లోపల అనుకుంది. మూడు నెలల్లో ఆ వార్డులోనూ ఆమెను చెయ్యి తిరిగిన సిస్టరని పిలవడం మొదలుపెట్టారు. పేషెంట్లను ఊరితో, రోగంతో, ఆప్యాయంగా పిలుస్తుంది. వాళ్ళు పలుకుతారు. ఇన్నేళ్ళలో ఎన్నడూ తేడా రాలేదు కదా అనుకుంది. పన్నెండు మంచాల దగ్గర రాని తేడా అరవై మంది దగ్గర ఎందుకు రాదో మాత్రం ఆలోచించలేదు.

ఆ సోమవారం ఆమె రెండు రోజుల సెలవు తర్వాత డ్యూటీకి వచ్చింది. వార్డు నిండా కొత్త ముఖాలే. ఎనిమిదింటికి డ్యూటీ అందుకుని, ఫలహారం రాకముందే షుగరున్నవాళ్ళకు ఇన్సులిన్ ఇవ్వాలని ట్రే పట్టుకుని బయలుదేరింది. షీటు ప్రకారం పద్నాలుగో మంచం సక్కుబాయికి పదహారు యూనిట్లు. పద్నాలుగులో దుప్పటి కప్పుకుని ఒక ముసలమ్మ పడుకుని ఉంది. నవీన చెయ్యి సూది మీద, చూపు పక్క మంచం మీద.

"సక్కుబాయమ్మా, సూది" అంది.

"ఆఁ" అంది ముసలమ్మ, చెయ్యి చాపుతూ.

నవీన సూది వేసి, షీటులో సక్కుబాయి పేరు ఎదుట టిక్కు పెట్టి, తర్వాతి మంచానికి పోయింది.

అరగంట గడిచాక పాలు, బ్రెడ్డు బండి వచ్చింది. దాని వెనకే పదిహేడో మంచం నుంచి ఒక భారీ మనిషి లేచి, పమిటతో విసురుకుంటూ నవీన దగ్గరికి వచ్చింది. "ఏ బాయీ, నా షుగర్ సూది మర్చినవా ఏంది? తినాల్నా వద్దా నేను?" అని అడిగింది.

నవీన ఆమె పేరు అడిగింది. సక్కుబాయి అంది ఆమె. పద్నాలుగు కదా నీది అంటే, ఆ ఫ్యాన్ తిరగదని, ఉక్కకు తట్టుకోలేక నిన్న సాయంత్రమే మంచం మార్చుకున్నానని చెప్పింది. పదిహేడులో ఉన్న బోథ్ ముసలమ్మకు చలిజ్వరం, ఆమెకు ఫ్యాన్ గాలి వద్దు, తనకు కావాలి. ఇద్దరికీ బాగుంది, ఎవరికీ చెప్పలేదు. అందులో తప్పేముందని సక్కుబాయి ముఖంలో ఆశ్చర్యం. నిజమే, ఆమె తప్పేమీ లేదు.

నవీన పద్నాలుగు దగ్గరికి పరుగెత్తింది. దుప్పటి తీసి చూస్తే ముసలమ్మ నుదుటి నిండా చెమట, చేతులు వణుకుతున్నాయి. షీటు వెతికితే పేరు ఐలవ్వ, బోథ్, ఊపిరితిత్తుల్లో నిమ్ము. షుగర్ లేదు. షుగర్ లేని మనిషికి, రాత్రి నుంచి మెతుకు ముట్టని మనిషికి, పదహారు యూనిట్ల ఇన్సులిన్ పడింది. వేలికొసన పొడిచి చూస్తే యాభై ఎనిమిది. ఉండాల్సినదానికంటే బాగా తక్కువ.

నవీన చేతులకు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. నరం దొరకబుచ్చుకుంది, గ్లూకోజు తీసి పెట్టింది, డ్యూటీ డాక్టరును పిలిపించింది. ఆయన కుర్రవాడు, క్యాజువాలిటీలో పాముకాటు కేసు నడుస్తుంటే మధ్యలోంచి వచ్చాడు. గ్లూకోజు ఎక్కించమన్నాడు. ఎక్కించింది. రాత్రి నుంచి ఏమన్నా తిన్నావా అని ముసలమ్మను అడిగాడు. లేదని తలూపింది. అదీ సంగతి అన్నాడు డాక్టరు. షీటులో ఆహారం లేక షుగర్ తగ్గింది అని రాసి, తినిపించమని చెప్పి వెళ్ళిపోయాడు.

నవీన ఆయన పక్కనే నిలబడి ఉంది. ఒక్క మాట చెబితే అయిపోయేది.  ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు కూడా విన్నది. అప్పటికీ నోరు తెరవలేదు.

ఇరవై నిమిషాలకు షుగర్ నూట నలభై రెండుకు లేచింది. ఐలవ్వ లేచి కూర్చుని బ్రెడ్డు పాలల్లో ముంచుకుని తిన్నది. కొడుకు రాజలింగు కింద చీటీ కోసం లైన్లో ఉన్నాడట, అతనికి ఇదేమీ తెలియదు. సక్కుబాయికి ఆమె సూది ఆమెకు పడింది. చూసేవాళ్ళకు వార్డులో ఏమీ జరగలేదు.

నవీన దుప్పట్ల గది వెనక్కి పోయి భానుప్రసాద్‌కు ఫోన్ చేసింది.  తొమ్మిదేళ్ళుగా ఆపద వస్తే వేలు ఆ నంబరు మీదికే పోయేది, అంతే. జరిగింది జరిగినట్టు ఆయనకు చెప్పింది. డ్యూటీ డాక్టరుకు చెప్పలేనిది ఆయనకు చెప్పింది.

ఆయన తిట్టలేదు. ఎన్ని యూనిట్లు, ఇప్పుడెంత ఉంది అని అడిగి తెలుసుకుని అన్నాడు. "నవీనా, నువ్వేం రాయకు. షుగర్ లేచింది గదా. ప్రొబేషన్‌లో ఉన్నవు, మెమో ఇస్తరు, సర్వీస్ బుక్కు మీద మచ్చ పడతది. నాలుగు గంటల దాకా ఆమె మీదికెల్లి కన్ను తీయకు. నువ్వు చూసుకుంటే ఏం గాదు."

నువ్వు చూసుకుంటే ఏం కాదు. ఆ మాట నవీనకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నిజమే కదా. ఆ ఇన్సులిన్ పని ఇంకా అయిపోలేదు. గ్లూకోజు పని గంటలో అయిపోతుంది, ఇన్సులిన్ పని మధ్యాహ్నం దాటేదాకా ఉంటుంది. అంటే షుగర్ మళ్ళీ పడుతుంది. పడనీ, తను ఉంది. రెండింటికి డ్యూటీ అయిపోయినా ఇంకో రెండు గంటలు ఏదో సాకు చెప్పి ఇక్కడే ఉంటుంది. ఐలవ్వ మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటుంది. నర్సింగ్ హోంలో ఎందరిని అట్లా గట్టెక్కించలేదు? ఒక్క కాగితం మీద కూడా అది లేదు. వాళ్ళంతా బతికే ఉన్నారు.

అట్లా గుండె దిటవు చేసుకుని వార్డులోకి వచ్చేసరికి అనసూర్య ఆమె కోసమే చూస్తోంది. పాముకాటు పిల్లవాడికి, అంటే పెళ్ళీడు పిల్లవాడికి, ఊపిరి అందడం లేదట. ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి పంపాలి. దారి పొడుగునా నోటి దగ్గర రబ్బరు సంచి పిసుకుతూ ఊపిరి అందించే మనిషి అంబులెన్స్‌లో ఉండాలి. ఆ పని నీకు బాగా వచ్చు, ఐదు నిమిషాల్లో బయలుదేరు అంది. ఇక్కడ వార్డును ప్రవళిక చూసుకుంటుందని కూడా చెప్పింది. ప్రవళిక నవీన కంటే వెనక వచ్చిన పిల్ల, పక్క వార్డులో పనిచేస్తుంది. ఐలవ్వ ముఖం కూడా చూసి ఉండదు.

నవీనకు పోను అనడానికి లేదు, అక్కడ ఒక పిల్లవాడి ప్రాణం పోతోంది. పోతే ఇక్కడ ఐలవ్వ ఉంది. గంట పోను, గంట రాను. సరిగ్గా షుగర్ పడే వేళకు తను రోడ్డు మీద ఉంటుంది. ప్రవళిక షీటు తెరిస్తే ఆహారం లేక షుగర్ తగ్గింది అని ఉంటుంది, తిన్నది కాబట్టి ఇక భయం లేదనుకుంటుంది. ఐలవ్వ దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకుంటే నిద్రపోయిందనుకుంటారు. ఆమెకు ఏమైందో ఈ భూమ్మీద తన తలకాయకు తప్ప, కరీంనగర్‌లో ఒక డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ తలకాయ ఇప్పుడు అంబులెన్సెక్కి పోతోంది. నవీనకు తన మీద తనకే అంత కోపం ఎన్నడూ రాలేదు.

"మేడం, నేను పద్నాలుగో మంచం ఐలవ్వకు సక్కుబాయి ఇన్సులిన్ వేసిన" అంది.

అనసూర్య కళ్ళద్దాలు తీసింది. ఎట్లా జరిగింది, ఎందుకు జరిగింది అని అడగలేదు. "ఎంత? ఎన్ని గంటలకు?" అంది.

"పదహారు. ఎనిమిదీ పదికి. డాక్టరుకు చెప్పలే. మీకు గూడ ఇప్పుడే చెప్తున్న."

"రాయి."

నవీన ఐలవ్వ షీటు తీసింది. డాక్టరు రాసిన వాక్యం కింద, ఎనిమిదీ పదికి పేషెంటుకు సంబంధం లేని ఇన్సులిన్ పదహారు యూనిట్లు పొరపాటున నా చేత్తో ఇచ్చాను అని రాసి, పూర్తి పేరుతో సంతకం చేసింది.  సక్కుబాయి షీటులోని తప్పు టిక్కును కొట్టేసి, దాని పక్కన కూడా సంతకం పెట్టింది. అనసూర్య అప్పటికే క్యాజువాలిటీకి ఫోన్ చేసి డాక్టరుతో మాట్లాడుతోంది. సాయంత్రం దాకా గ్లూకోజు సీసా నడవాలి, అరగంటకోసారి షుగర్ చూడాలి. అది కూడా షీటులోకి ఎక్కింది.

అంతా రాశాక నవీన పేషెంటు దగ్గర తననే ఉండనివ్వమని బతిమాలింది. అంబులెన్స్‌కు ఇంకెవరినైనా పంపండి, ఈమెను నేనే చూసుకుంటాను అంది.

"నువ్వు సూసుకునుడు గాదు, నువ్వు రాసింది సదివి ఎవలైనా సూసుకుంటరు. గందుకే రాయమన్న. పో" అంది అనసూర్య.

అంబులెన్స్‌లో ఆ గంట నవీన లెక్కపెట్టుకుంటూ సంచి పిసికింది. ఒకటి, రెండు, మూడు, ఊపిరి. మనసంతా పద్నాలుగో మంచం మీద ఉంది, చేతులు మాత్రం ఈ పిల్లవాడివి. ఒక్క క్షణం ఆపితే అతని ఛాతీ ఆగుతుంది. గతుకుల్లో తల రెండుసార్లు కిటికీకి కొట్టుకుంది. ఫోన్ జేబులో మోగుతూనే ఉంది, తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. పెద్దాసుపత్రిలో పిల్లవాడిని మిషను మీద పెట్టాక, బతుకుతాడని అక్కడివాళ్ళు అన్నాక, అప్పుడు చూసుకుంది. భానుప్రసాద్ నుంచి మూడు కాల్స్. దవాఖాన నుంచి ఒక్కటీ లేదు. అది మంచికో చెడుకో తెలియక తిరుగుదారి పొడుగునా కూర్చోలేకపోయింది.

పన్నెండు దాటాక వార్డులో అడుగుపెట్టింది. పద్నాలుగు దగ్గర ప్రవళిక నిలబడి ఐలవ్వ వేలి నుంచి రక్తపు బొట్టు తీస్తోంది. ఐలవ్వ కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆమె వేలు నొక్కినందుకు ప్రవళికను ఏదో తిడుతోంది. ఆ తిట్లు వినేసరికి నవీన గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

పదీ నలభైకి చూస్తే ఐలవ్వ షుగర్ నలభై ఒకటికి పడిందట. దుప్పటి తల మీదుగా కప్పుకుని పడుకుని ఉందట. చూస్తే హాయిగా నిద్రపోతున్నట్టే ఉంది, పక్కమంచం వాళ్ళు లేపొద్దన్నారు కూడా. లేపితే లేవలేదు. మళ్ళీ గ్లూకోజు ఎక్కించాక పది నిమిషాలకు కళ్ళు తెరిచింది.

"నాకు ఆమె ఎవలో గూడ తెల్వదక్కా. షీట్ల అరగంటకోసారి అని రాసున్నది, సూసిన, గంతే" అంది ప్రవళిక.

గంతే. ఆ పిల్ల అంత తేలికగా అన్న మాటకు నవీనకు ఏడుపు ఆగలేదు. తొమ్మిదేళ్ళు తను లేకపోతే నడవదని పొగిడించుకుంది. ఇవాళ తను లేనప్పుడు, ఆమె ఎవరో కూడా తెలియని పిల్ల చేతిలో ఒక ముసలమ్మ బతికింది. దుప్పట్ల గదిలోకి పోయి ముఖం కడుక్కుంది. వచ్చి, రాజలింగును పిలిచి, తల్లి ముందే ఇద్దరికీ జరిగింది చెప్పింది. చేతులు జోడించింది.

రాజలింగు అరిచాడు. అరవడా? పత్తి చేను కూలి మానుకుని తల్లిని నలభై కిలోమీటర్లు మోసుకొచ్చింది ఎవరి సూదో వేయించడానికా అన్నాడు. సూపరింటెండెంట్ గది దాకా పోయి అరిచాడు. నవీన అన్నిటికీ నిలబడింది. ఐలవ్వ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. నవీన ఇంటి దగ్గర కూర్చుని రాసింది. మంచాలు మారిన సంగతి రాసింది, పేరు చెప్పించకపోవడం తన తప్పని రాసింది. చివర ఒక వాక్యం కలిపింది. సక్కుబాయి అని పిలిచినప్పుడు సదరు పేషెంటు ఆ పేరుకు పలికి చెయ్యి చాపింది అని. అది అబద్ధం కాదు. అనసూర్య చదివి, ఈ వాక్యం ఉంటే సూపరింటెండెంట్ సార్ మందలించి వదిలేస్తాడు, లేకపోతే ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగిస్తాడు అని ఉన్నదున్నట్టు చెప్పింది. మంచిదా చెడ్డదా అనేది చెప్పలేదు. నవీన ఇంకా సంతకం చెయ్యలేదు, రేపు ఇస్తానంది.

ఆ సాయంత్రం భానుప్రసాద్ ఫోన్ చేశాడు. నేను చెప్పినా వినకపోతివి, అక్కడ నీకెవరున్నరు, బట్టలు సర్దుకుని వచ్చెయ్ అన్నాడు. ఆయన గొంతులో ప్రేమ ఉంది, అది నవీనకు తెలుసు. "రాను సార్. నేను లేకున్నా పేషెంట్ బతికే కాడ పని నేర్చుకుంటున్న" అంది.  ఆయన సరే అమ్మా, ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశాడు.

మెమో వచ్చిన మూడో రోజు పొద్దున డ్యూటీ ఎక్కగానే పద్నాలుగు దగ్గరికి పోయింది. ఐలవ్వకు జ్వరం తగ్గింది, రేపోమాపో ఇంటికి పంపుతారు. రాజలింగు చాయ్ తేవడానికి కిందికి పోయాడు. నవీన జ్వరం చూసి, రాసి, కదలబోతుంటే ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకు కాయితమొచ్చిందట గదా బిడ్డా. నీ నౌకరీ పోతదట గదా, మావోడు అంటుండు."

పోదు అవ్వా, ఫికర్ చెయ్యకు, నా తప్పుకు నాకు పడింది అంది నవీన.

"నా పేరు గాదని నాకెర్కనే" అంది ఐలవ్వ.

నవీన అక్కడే ఆగిపోయింది.

"గా సక్కుబాయితోనే మంచం మార్చుకుంటి గద, ఆమె పేరు నాకెర్కలేదా? నేనొచ్చి అప్పటికి రెండు దినాలాయె. నా జరం సూది మందు అయిపోయిందని, రేపొస్తదని అంటుండ్రి. అందరికాడికి వస్తుండ్రి, నాకాడ ఆగకపోతుండ్రి. నువ్వు సూది పట్టుకొని నా మంచంకాడ ఆగితివి. కాదంటే గదన్న పోతదని ఆఁ అన్న." ముసలమ్మ నవీన చెయ్యి ఇంకా వదల్లేదు. "తప్పు నాది గూడ ఉన్నది బిడ్డా. గది గూడ రాసుకో, నీ నౌకరీ నిలబడతది."

నవీన ఆ ముడతల చేతిని రెండు చేతులతో పట్టుకుంది. షీటు తెరిచి చూసింది. మందు లేదు, రేపు అని ఆ సోమవారానికి ముందు రెండు రోజులూ ఎవరో రాసింది నిజమే. మందు నిన్ననే వచ్చింది, నిన్నటి నుంచే పడుతోంది. "నీది తప్పు గాదవ్వా" అంది. 

టేబుల్ దగ్గరికి పోయి సంజాయిషీ కాగితం తీసింది. పేషెంటు ఆ పేరుకు పలికిందన్న వాక్యాన్ని మొదటి నుంచి చివర దాకా కొట్టేసింది. కింద సంతకం చేసి అనసూర్య చేతికిచ్చింది. అనసూర్య కొట్టేసిన గీత వైపు చూసింది, నవీన వైపు చూసింది, కాగితం మడిచి ఫైల్లో పెట్టింది. ప్రొబేషన్ ఏడాది పొడిగించారు.